‘మెరుగైన వైద్యం కోసం తరలింపు’ అని రాసే ముందు

సంపాదకుడు గారికి నమస్కారం.

జిల్లా పేజీల్లో రోడ్డు ప్రమాదం వార్త ఏది తీసుకున్నా చివరి వాక్యాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘క్షతగాత్రుడికి స్థానిక ఆసుపత్రిలో ప్రథమ చికిత్స చేసి, మెరుగైన వైద్యం కోసం హైదరాబాద్‌కు తరలించారు’ అని ఒకటి. ‘పరిస్థితి నిలకడగా ఉందని వైద్యులు తెలిపారు’ అని ఇంకొకటి. మర్నాటి పేజీలో ‘మార్గమధ్యంలో మృతి’. ఈ మూడింటి మధ్య జరిగి తీరాల్సిన పని ఒకటుంది. ఆసుపత్రుల్లో దాన్ని ‘స్టెబిలైజ్ చేయడం’ అంటాం. డాక్టర్లు, నర్సులు, 108 సిబ్బంది, చివరికి పేషంటు బంధువులు కూడా రోజూ వాడే మాటే ఇది. ఆ పని జరిగిందా, జరిగితే ఏమేం చేశారు అన్నది మాత్రం వార్తలో కనబడదు. ఆ పని ఏమిటో మీ విలేకరులకూ పాఠకులకూ వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

స్టెబిలైజ్ చేయడమంటే నయం చేయడం కాదు. ఓ కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి పంపేయడమూ కాదు. ఈ క్రియకు మన దేశంలో చట్టమే అర్థం చెప్పింది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం రెండో సెక్షన్‌లో దీనికి విడిగా నిర్వచనం ఉంది. సారాంశం ఇదీ: పేషంటును ఒక ఆసుపత్రి నుంచి మార్చేటప్పుడు, ఆ మార్చడం వల్ల గానీ దారిలో గానీ అతని పరిస్థితి చెప్పుకోదగ్గంతగా దిగజారదని వైద్యపరంగా సహేతుకమైన నమ్మకం కుదిరేంత చికిత్స చేయడం. ఎమర్జెన్సీలో వచ్చిన ఎవరికైనా, తమ దగ్గరున్న సిబ్బందితో, సదుపాయాలతో ఆ మేరకు చికిత్స చేయాల్సిందేనని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ కొలత ప్రయాణం. మంచం మీద బాగున్నాడా అని కాదు, ముందున్న రెండు గంటల దారిని తట్టుకుంటాడా అని చూసుకోవాలి.

ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలుసుకోవాలి. 1980లలో అమెరికాలో ప్రైవేటు ఆసుపత్రులు బీమా లేని పేషంట్లను ఎమర్జెన్సీ గది నుంచే ప్రభుత్వాసుపత్రులకు పంపించేసేవి. షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి వైద్యులు అలా తమ దగ్గరికి వచ్చిపడినవాళ్ల వివరాలు కూర్చి 1986లో ప్రచురించారు. అదే ఏడాది అమలైన ఎమ్‌టాలా అనే చట్టం, స్టెబిలైజ్ చేయకుండా పంపడాన్ని నిషేధించింది. మన చట్టంలోని నిర్వచనం దాదాపు ఆ చట్టంలోని మాటలే. మధ్యలో 2006లో మన లా కమిషన్ తన 201వ నివేదికను పూర్తిగా ఈ అంశానికే కేటాయించింది.

కేంద్ర చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. అందుకని అక్కడో రూలు, ఇక్కడో రూలు అనుకోనక్కర్లేదు. సుప్రీంకోర్టు 1989 ఆగస్టు 28న పరమానంద్ కటారా కేసులో, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు దానికి అడ్డం రాకూడదు అని తీర్పిచ్చింది. ఆ కేసుకు మూలం ఒక పత్రికా వార్తే. కారు ఢీకొన్న స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు (పోలీసు కేసుతో ముడిపడ్డవి) చూసే ఆసుపత్రి వేరే ఉంది, ఇరవై కిలోమీటర్లు వెళ్లండి అన్నారు. అక్కడికి చేరేలోపే ఆయన చనిపోయాడు. ఆ వార్త రాసిన విలేకరి ‘మార్గమధ్యంలో మృతి’ అని ఊరుకోకుండా, ఎందుకు పంపారో, ఎంత దూరం పంపారో కూడా రాశారు. అది రాశారు కాబట్టే విషయం కోర్టుకు చేరింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా లాంఛనాల కోసం ఆగకుండా వెంటనే చికిత్స చేయడం డ్యూటీలో ఉన్న వైద్యుడి విధి అంటోంది.

ఇక అసలు పని. ప్రాణం ఏ దారిన వేగంగా పోతుందో ఆ వరసలోనే చేయాలి.

ధారగా రక్తం కారుతుంటే ముందు దాన్ని ఆపాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి, అరచేత్తో, ఒంటి బరువు వేసి పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. ఆగిందో లేదో అని మధ్యమధ్యలో గుడ్డ ఎత్తి చూస్తుంటారు. అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఆ గుడ్డతో పాటు ఊడివస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కాలి. కాలో చెయ్యో నుజ్జయి, నొక్కినా ఆగకపోతే అప్పుడు టోర్నికే, అంటే రక్తం ఆపేలా బిగించే పట్టీ, కట్టాలి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా, వెడల్పాటి పట్టీతో, రక్తం పూర్తిగా ఆగేదాకా బిగించాలి. సగం బిగిస్తే నష్టమే ఎక్కువ. గుండెకు తిరిగెళ్లే సిరలు మూసుకుపోతాయి, రక్తాన్ని తెచ్చే ధమని తెరిచే ఉంటుంది, దాంతో గాయం ఇంకా ఎక్కువ కారుతుంది. సన్నటి తాడు, వైరు వాడితే చర్మాన్నీ నరాన్నీ కోస్తాయి. కట్టిన టైము పేషంటు నుదుటి మీదో పట్టీ మీదో పెన్నుతో రాసి పెట్టాలి. రెండు గంటలు దాటే కొద్దీ ఆ కాలు పోయే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, పెద్దాసుపత్రి సర్జన్ అన్నిటికంటే ముందు చూసేది ఆ టైమే.

తర్వాత ఊపిరి దారి. తలకు దెబ్బ తగిలిన మనిషి వెల్లకిలా పడుకుని గురక పెడుతుంటే ‘నిద్రపోతున్నాడు, కదిలించకండి’ అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. అది నిద్ర కాదు. నాలుక వెనక్కి జారి గాలి దారిని సగం మూసినప్పుడు వచ్చే చప్పుడు అది. గురగురమంటుంటే గొంతులో రక్తమో వాంతో నిండిందని అర్థం. సక్షన్ గొట్టం పెట్టి దాన్ని లాగేయాలి. మెడ ఎముక విరిగి ఉండొచ్చు కాబట్టి తలను వెనక్కి వంచకుండా, రెండు దవడల మూలల్నీ వేళ్లతో ముందుకు ఎత్తాలి. ఈలోగా ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి, ఆపైన మెడ కదలకుండా కాలర్ వేయాలి. స్పృహను కొలవడానికి గ్లాస్గో స్కోరు ఉంది: కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అతి తక్కువ 3. స్కోరు 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆ మనిషి తన ఊపిరి దారిని తాను కాపాడుకోలేడు, గొంతులో ట్యూబు వేసే పంపాలి. ట్యూబు లేకుండా పంపితే దారిలో ఒక్క వాంతి చాలు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊగే అంబులెన్సులో, గతుకుల రోడ్డు మీద అప్పటికప్పుడు ట్యూబు వేయడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా గండమే.

ఛాతీకి దెబ్బ తగిలితే పక్కటెముక విరిగి ఊపిరితిత్తిని చీల్చొచ్చు. బయటికి పోయే దారి లేక గాలి ఛాతీలోనే పేరుకుని గుండెను పక్కకు నెడుతుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, ఓ పక్క ఊపిరి చప్పుడు వినబడదు, బీపీ పడిపోతుంది. దీనికి ఎక్స్‌రే కోసం ఆగకూడదు. లావు సూదితో ముందు గాలి వదిలి, తర్వాత ఛాతీ ట్యూబు పెట్టాలి. ఇది పెట్టకుండా వెంటిలేటర్ తగిలించి పంపితే, మిషను కొట్టే ప్రతి ఊపిరీ ఆ గాలిని ఇంకా పెంచుతుంది. ఛాతీ ట్యూబు పెట్టడానికి పెద్ద ఆసుపత్రే అక్కర్లేదు. శిక్షణ ఉన్న డాక్టరు, స్టెరైల్ సెట్టు, నీటి సీసా ఉంటే ఏరియా ఆసుపత్రిలో అయ్యే పని.

తర్వాత రక్త ప్రసరణ. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ‘బీపీ నార్మల్‌గానే ఉంది, నిలకడగా ఉన్నాడు’ అన్న మాటను నమ్మి పంపినవాళ్లలో కొందరు దారిలో కుప్పకూలుతారు. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 750 మిల్లీలీటర్ల దాకా పోయినా పైకి పెద్దగా ఏమీ తెలియదు. లీటరున్నర దాకా పోయేసరికి పల్స్ వంద దాటుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కంగారు పడుతుంటాడు. కానీ పడుకోబెట్టి చూస్తే పై బీపీ ఇంకా నార్మల్‌గానే కనిపించొచ్చు. అది పడిపోవడం సాధారణంగా లీటరున్నర దాటాకే మొదలవుతుంది. వయసులో ఉన్నవాళ్ల ఒళ్లు రక్తనాళాలను బిగించి, గుండెను పరుగెత్తించి చివరిదాకా నెట్టుకొస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అందుకే పై బీపీని ఒంటరిగా చూడకూడదు. పల్స్‌ను పై బీపీతో భాగించి చూడాలి. పల్స్ 120, బీపీ 110 అయితే ఫలితం ఒకటి దాటింది. బీపీ నార్మల్ అనిపించినా ఆ మనిషి లోపల రక్తం పోతోందనే అనుకోవాలి. గోరు గట్టిగా నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి, ఆలస్యమైతే అదీ హెచ్చరికే. తొడ ఎముక ఒక్కటి విరిగితేనే లీటరు నుంచి లీటరున్నర రక్తం తొడ కండల్లోకి పోగలదు, బయట చుక్క కనబడకుండా. కటి ఎముక విరిగితే ఇంకా ఎక్కువ. కాబట్టి తొడకు స్ప్లింటు (కదలకుండా కట్టే బద్ద), కటికి బైండరు (చుట్టూ బిగించే వెడల్పాటి పట్టీ) కట్టడం కూడా రక్తం ఆపే చికిత్సే. బైండరును నడుముకు కడితే పనిచేయదు, తుంటి దగ్గర ఎముకలు బయటికి పొడుచుకొచ్చే చోట కట్టాలి. బైండరు లేకపోతే మడిచిన దుప్పటితోనూ కట్టొచ్చు.

రెండు చేతులకూ 16 లేదా 18 గేజి లావు సూదులు పెట్టాలి. చిన్న సూది ద్వారా అవసరమైన వేగంతో రక్తం ఎక్కదు. సెలైన్ విషయంలో పాత అలవాటు ఇంకా పోలేదు. బీపీ తగ్గిందనగానే బాటిల్ మీద బాటిల్ ఎక్కిస్తారు. సెలైన్‌లో ఆక్సిజన్‌ను మోసే ఎర్ర కణాలు లేవు, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలూ లేవు. ఎక్కువైతే ఉన్న రక్తం పల్చబడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, అప్పుడే కట్టిన గడ్డలు ఒత్తిడికి ఊడిపోతాయి. పెద్దవాళ్లకు గోరువెచ్చటి సెలైన్ లీటరుతో ఆపి, అవసరమైతే రక్తమే ఎక్కించాలన్నది ఇప్పటి పద్ధతి. లోపలి రక్తస్రావం ఆగేదాకా పై బీపీని 80, 90 దగ్గర ఉంచితే చాలు. కానీ తలకు గాయమైతే ఈ లెక్క చెల్లదు. మెదడుకు రక్తం అందాలంటే బీపీ 100, 110కి తగ్గకూడదు. తలకు తీవ్ర గాయమైన పేషంటుకు బీపీ ఒక్కసారి 90 కిందికి జారినా చనిపోయే ప్రమాదం రెట్టింపవుతుంది. ఆక్సిజన్ 94 శాతం కిందికి పోకుండా చూసుకోవాలి.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ గురించి ప్రత్యేకంగా రాయాలి. ధర తక్కువ, చిన్న ఆసుపత్రిలోనూ దొరుకుతుంది. గాయమైన మూడు గంటల్లోపు ఒక గ్రామును పది నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కించి, మరో గ్రామును ఎనిమిది గంటల పాటు డ్రిప్పులో ఇస్తారు. ఇరవై వేల మందికి పైగా గాయపడినవాళ్ల మీద జరిపిన క్రాష్-2 అధ్యయనం 2010లో దీని ఫలితాన్ని రుజువు చేసింది. ఆ మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా హాని కూడా జరగొచ్చని తేలింది. అంటే పెద్దాసుపత్రికి వెళ్లాక ఇస్తార్లే అని వదిలేయడానికి లేదు. మొదట చేర్చిన చోటే, టైము రాసి మరీ ఇవ్వాలి.

చివరగా, గ్లూకోమీటర్‌తో షుగర్ చూడాలి. షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాడే బండి మీది నుంచి పడి ఉండొచ్చు. కళ్లలో టార్చి వేసి రెండు పాపలూ సమానంగా ఉన్నాయేమో చూడాలి. బట్టలు కత్తిరించి వీపు సహా ఒళ్లంతా చూసి, వెంటనే దుప్పటి కప్పాలి. మన ఎండాకాలంలో దుప్పటేమిటి అనిపిస్తుంది. రక్తం పోయిన ఒళ్లు మే నెలలో కూడా ఏసీ గదిలో చల్లబడుతుంది. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగే కొద్దీ రక్తం గడ్డకట్టే శక్తి తగ్గిపోతుంది.

ఇంతా చేసి, ‘స్టెబిలైజ్ చేశాక పంపుతాం’ అని గంటల తరబడి ఉంచేసుకోవడం కూడా అంతే తప్పు. కాలేయమో ప్లీహమో పగిలి పొట్టలో రక్తం కారుతుంటే ఏ డ్రిప్పూ ఆ మనిషిని నిలబెట్టలేదు. లీటరు సెలైన్‌కు బీపీ లేచి, పావుగంటకో అరగంటకో మళ్లీ జారితే లోపల కారుతూనే ఉందని అర్థం. ఆ మనిషిని స్టెబిలైజ్ చేసేది ఆపరేషనే. సర్జన్ ఉంటే అక్కడే చేయాలి. లేకపోతే గాలి దారి, ఛాతీ, బయటి రక్తస్రావం మాత్రం సరిచేసి వెంటనే బయల్దేరదీయాలి. అక్కడ ఆపరేషన్ చేసేవాళ్లు లేనప్పుడు సీటీ స్కాన్‌కు అరగంట పెట్టడం దండగ. చేరిన ఆసుపత్రిలో ఎలాగూ మళ్లీ చూస్తారు. ‘తమ దగ్గరున్న సిబ్బందితో, సదుపాయాలతో’ అని చట్టం రాసింది ఇందుకే. న్యూరో సర్జన్ లేని ఆసుపత్రిని తలకు ఆపరేషన్ ఎందుకు చేయలేదని అడగలేం. ట్యూబు ఎందుకు వేయలేదని అడగొచ్చు.

తరలింపు కూడా చికిత్సలో భాగమే. అవతలి ఆసుపత్రి డ్యూటీ డాక్టరుతో ఫోనులో మాట్లాడి, బెడ్డు, వెంటిలేటర్, అవసరమైన స్పెషలిస్టు ఉన్నారని ఖాయం చేసుకున్నాకే బండి కదలాలి. ఈ ఒక్క ఫోను చేయకపోవడం వల్లే మూడు గంటలు ప్రయాణించి వచ్చినవాళ్లు గేటు దగ్గర ‘ఇక్కడ బెడ్లు లేవు’ అన్న మాట వింటున్నారు. 1992లో బెంగాల్‌లో రైలు నుంచి పడిన ఒక కూలీని వరసగా పలు ప్రభుత్వాసుపత్రులు తిప్పి పంపాయి. ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు, బెడ్డు లేదని చికిత్స నిరాకరించడం జీవించే హక్కును కాలరాయడమేనని తేల్చి, పరిహారం ఇప్పించింది.

రిఫరల్ చీటీలో ‘హయ్యర్ సెంటర్‌కు పంపడమైనది’ అని ఒక్క లైను రాస్తే లాభం లేదు. ప్రమాదం ఎప్పుడు, ఎలా జరిగింది, ఆసుపత్రికి ఎన్నింటికి వచ్చాడు, అప్పటి పల్స్, బీపీ, ఆక్సిజన్, గ్లాస్గో స్కోరు, బయల్దేరేటప్పటివి, ఏ మందు ఎన్నింటికి ఎంత ఇచ్చారు, రక్తం గ్రూపు, ఎందుకు పంపుతున్నారు అన్నవి ఉండాలి. మత్తుమందు ఇచ్చి ట్యూబు వేసి ఉంటే, మత్తుకు ముందటి స్కోరు రాయకపోతే అవతలి న్యూరో సర్జన్‌కు చేతులు కట్టేసినట్టే. మెదడు దెబ్బ వల్ల కదలడం లేదా, మందు వల్లా అన్నది ఆయనకు తెలిసే దారి ఉండదు.

ఆక్సిజన్ లెక్క వేసుకోకుండా బయల్దేరడం మరో సాధారణమైన పొరపాటు. అంబులెన్సుల్లో ఎక్కువగా కనిపించే బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున వాడితే 150 నిమిషాలు, 15 చొప్పున అయితే 100 నిమిషాలే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. ఒక్క సిలిండర్‌తో, అదీ సగం వాడింది పెట్టుకుని బయల్దేరితే ఎక్కడ ఆగిపోతుందో ఎవరైనా లెక్కగట్టొచ్చు. ప్రయాణానికి పట్టే టైముకు కనీసం సగం అదనంగా ఉంచుకోవాలి. గేజిలో ముల్లు ఎక్కడుందో ఎక్కే ముందు చూడాలి. ఘాట్ రోడ్డు, వాన, రైల్వే గేటు ఉంటే ఇంకా ఎక్కువ. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కు కిలోమీటర్ల లెక్క ఒకటి, దిగడానికి పట్టే టైము ఇంకొకటి.

బండి మీద అంబులెన్స్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల సామాను ఉన్నట్టు కాదు. జాతీయ ప్రమాణం ఏఐఎస్-125 అంబులెన్సులను నాలుగు రకాలుగా విడదీసింది. వాటిలో పేషంటును ఊరికే చేరవేసేది ఒక రకం, బేసిక్ లైఫ్ సపోర్టు ఇంకో రకం, వెంటిలేటర్, మానిటర్ ఉండే అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్టు మరో రకం. ట్యూబు వేసిన పేషంటును స్ట్రెచర్, సిలిండర్ మాత్రమే ఉన్న వ్యానులో, పక్కన బంధువు ఊపిరి అందించే అంబూ బ్యాగును చేత్తో నొక్కుతూ ఉండగా పంపితే దాన్ని స్టెబిలైజ్ చేసి పంపడం అనరు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశమంతా పాకిన 108 సేవలో శిక్షణ పొందిన టెక్నీషియన్ బండిలోనే ఉంటాడు. పెద్దాసుపత్రికి మార్చేటప్పుడు కూడా బండి కోసం ముందు 108కే ఫోను చేయాలి.

ప్రమాదాలకే కాదు, మిగతా ఎమర్జెన్సీలకూ ఇదే వర్తిస్తుంది. పాము కరిచిన మనిషిలో విషం ఎక్కిన లక్షణాలుంటే విరుగుడు మందు మొదటి డోసు మొదలుపెట్టాకే పంపాలి, కనురెప్పలు వాలుతుంటే ఊపిరి అందించే మనిషిని తోడు పంపాలి. గర్భిణికి బీపీ ఎక్కువై ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ తొలి డోసు పీహెచ్‌సీలోనే పడాలి. గుండెపోటుకు ఈసీజీ తీసి, నమలడానికి ఆస్పిరిన్ ఇచ్చి, యాంజియోప్లాస్టీ చేసే చోటికి రెండు గంటల్లో చేర్చలేమనుకుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇవ్వాలి.

ఇక ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అన్న వాక్యం. డాక్టరు ‘స్టేబుల్’ అన్నప్పుడు చాలాసార్లు ఉద్దేశం ‘గడిచిన కొన్ని గంటల్లో అంకెలు మారలేదు’ అని మాత్రమే. పాఠకుడికి అది ‘గండం గడిచింది’ అని చేరుతుంది. బీపీ 110 ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు మందు లేకుండా, తనంత తాను ఊపిరి తీసుకుంటున్నారు. ఇంకొకరికి బీపీని నిలబెట్టే నోరడ్రినలిన్ డ్రిప్పు నడుస్తోంది, వెంటిలేటర్ ఊపిరి కొడుతోంది. మానిటర్ మీద ఇద్దరి అంకె ఒకటే. రెండో మనిషికి ఆ మందు ఎక్కించే సిరంజి పంపు రెండు నిమిషాలు ఆగినా బీపీ జారిపోతుంది. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ అక్కడి ఆసుపత్రులకు ఇచ్చిన సూచనల్లో పేషంటు స్థితి చెప్పడానికి అయిదు మాటలున్నాయి: ఇంకా తేలలేదు, బాగుంది, ఫరవాలేదు, తీవ్రం, విషమం. ‘స్టేబుల్’ ఆ జాబితాలో లేదు. దాన్ని విడిగానూ వాడొద్దు, ‘విషమం కానీ స్టేబుల్’ అని జతచేసీ వాడొద్దు అని ఆ సంస్థ చెబుతోంది. మన ఆసుపత్రుల బులెటిన్లలో ఈ జంట మాట తరచూ వస్తుంది. అచ్చువేసే ముందు ఒక్క మాట అడిగితే చాలు: వెంటిలేటర్ మీద ఉన్నారా, బీపీ నిలబెట్టడానికి మందు నడుస్తోందా? ఆ రెండూ రాస్తే పాఠకుడే అర్థం చేసుకుంటాడు.

డబ్బు మాట కూడా చెప్పాలి, చాలా చోట్ల అసలు అడ్డంకి అదే కాబట్టి. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా చికిత్స ఖర్చు అందులో వస్తుంది. పథకం జాబితాలో లేని ఆసుపత్రికి పేషంటు చేరితే, అక్కడ స్టెబిలైజ్ చేసే మేరకు చికిత్సకు వర్తిస్తుంది. కాబట్టి ‘మా ఆసుపత్రి లిస్టులో లేదు’ అని గేటు నుంచే పంపడానికి ఆ పథకం ప్రకారం కూడా కారణం లేదు. తీసుకొచ్చిన దారిన పోయేవాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని, వాళ్ల మీద కేసులు ఉండవని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్, దాని కింద చేసిన నియమాలు భరోసా ఇస్తున్నాయి.

మీ పత్రికను మేం కోరేది చిన్న మార్పు. ప్రమాద వార్త పంపేటప్పుడు విలేకరి నాలుగు టైములు అడిగి రాయాలి: ప్రమాదం జరిగింది, మొదటి ఆసుపత్రికి చేరింది, అక్కడి నుంచి బయల్దేరింది, పెద్దాసుపత్రికి చేరింది. వీటితో పాటు ‘ప్రథమ చికిత్స చేసి’ అన్న చోట ఏం చేశారో ఒక వాక్యం, ఏ సదుపాయం లేక పంపారో ఒక వాక్యం. పేషంటు పేరు, రిపోర్టులు అక్కర్లేదు, ఇంట్లోవాళ్లను ఆ సమయంలో ఇబ్బంది పెట్టనక్కర్లేదు. ఆసుపత్రి సూపరింటెండెంటును, డ్యూటీ డాక్టరును, 108 సిబ్బందిని అడిగితే చెబుతారు. ‘ఊపిరి గొట్టం వేసి, రక్తస్రావం ఆపి, న్యూరో సర్జన్ లేనందున పంపారు’ అని ఒక వార్త, ‘పావుగంటలో చీటీ రాసి పంపారు’ అని మరో వార్త పక్కపక్కన అచ్చయితే, ఏ ఊరి ఆసుపత్రికి ఏం కావాలో జిల్లా వైద్యాధికారికి మీ పేజీలోనే కనబడుతుంది. ఛాతీ ట్యూబు సెట్లు లేని చోటుకు సెట్లు, ట్యూబు వేయడం రాని సిబ్బందికి శిక్షణ అడగడానికి మాకూ ఆధారం దొరుకుతుంది.

ఇట్లు,
అత్యవసర విభాగం వైద్యులు, నర్సులు
వరంగల్